సీఎఫ్‌ఎల్, ఎల్‌ఈడీ బల్బులు ఇంట్లో భద్రంగా వాడటం: మార్చడం, పగిలితే ఎత్తడం, పారేయడం

"సీఎఫ్‌ఎల్ పగిలింది, పిల్లలు అదే గదిలో ఉన్నారు, ఏం చేయాలి?" "స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూనే ఉంది, ప్రమాదమా?" "మెయిన్ ఆపిన తర్వాత కూడా హోల్డర్ దగ్గర షాక్ కొట్టింది, ఎలా సాధ్యం?" నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నవి ఈ మూడే. వీటికి జవాబులు, వాటి చుట్టూ తెలుసుకోవాల్సినవి, పని జరిగే వరుసలోనే కింద రాశాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. 9 వాట్ల ఎల్‌ఈడీ చాలా తక్కువ కరెంటు లాగుతుంది, నిజమే. కానీ అది కూర్చున్న హోల్డర్‌లో ఉండేది మాత్రం అదే 230 వోల్టులు. బల్బు మారినంత మాత్రాన షాక్ చిన్నదవదు. అందుకే ఇందులో బల్బు గురించి ఎంత ఉందో హోల్డర్, స్విచ్, వైరు గురించి అంతకంటే ఎక్కువ ఉంది.

1. మీ ఇంట్లో ఉన్నది ఏ బల్బో తేల్చుకోండి

మెలికలు తిరిగిన తెల్లటి గాజు గొట్టం, లేదా గుర్రపు లాడం ఆకారంలో వంగిన గొట్టాలు కనిపిస్తే అది సీఎఫ్‌ఎల్. లోపల కొద్దిగా పాదరసం ఉంటుంది. పాత పొడుగు ట్యూబ్‌లైట్లలోనూ ఉంటుంది.

పైన పాలరంగు ప్లాస్టిక్ బుగ్గ, కింద తెల్లటి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం మొదలు ఉంటే ఎల్‌ఈడీ. దీంట్లో పాదరసం ఉండదు. కరెంటు పోయినా వెలిగే ఛార్జింగ్ బల్బు కూడా ఎల్‌ఈడీయే. కాకపోతే లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, దాని జాగ్రత్తలు వేరు.

ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి. హాల్లో అందరూ ఎల్‌ఈడీ పెట్టుకున్నారు. బాత్రూంలో, మెట్ల కింద, పశువుల కొట్టంలో, దేవుడి గది మూలన పాత సీఎఫ్‌ఎల్ ఇంకా ఉండే ఉంటుంది. అటక మీద డబ్బాలో వేసి మర్చిపోయిన మాడిన ట్యూబ్‌లైట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- పనిచేస్తున్న టెస్టర్
- పొడి రబ్బరు చెప్పులు
- కదలని చెక్క లేదా ప్లాస్టిక్ స్టూలు (ఇనుప నిచ్చెన వద్దు)
- పొడి గుడ్డ
- చేతి టార్చ్ (సెల్‌ఫోన్ వెలుతురుతో చేస్తే ఒక చెయ్యి దానికే పోతుంది)
- కింద స్టూలు పట్టుకోవడానికి ఇంకొక మనిషి

టెస్టర్‌ను ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో పెట్టి చూడండి. ఎర్త్ రంధ్రం పైకి ఉన్న సాకెట్‌లో కుడివైపు రంధ్రంలో వెలగాలి. అక్కడే వెలగని టెస్టర్‌ను నమ్మి హోల్డర్ దగ్గర చెయ్యి పెట్టకూడదు. టెస్టర్ చెడిపోయిందని తెలియక, వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

చెయ్యి తడిగా ఉన్నప్పుడు, స్నానం చేసి వచ్చిన వెంటనే, అప్పుడే కడిగిన నేల మీద నిలబడి ఈ పని పెట్టుకోవద్దు. వాన కురుస్తూ గోడలు చెమ్మగా ఉన్న రోజు కూడా వాయిదా వేయడమే మంచిది.

3. కరెంటు ఆపడం: మెయిన్ ఒక్కటే చాలదు

గోడ మీది స్విచ్ ఆపి బల్బు తీసేయడం అందరికీ అలవాటు. ఆ స్విచ్ ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే వైరు) మీద ఉంటేనే అది భద్రం. వైరింగ్ చేసినప్పుడు పొరపాటున న్యూట్రల్ వైరును (కరెంటు తిరిగి పోయే వైరును) స్విచ్‌లోకి తెచ్చిన ఇండ్లు ఉన్నాయి. అలాంటి చోట స్విచ్ ఆపితే బల్బు ఆరిపోతుంది, కానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. ఆరిపోయింది కదా అని వేలు పెడితే కొడుతుంది.

ఇక రెండో చిక్కు ఇన్వర్టర్. మెయిన్ దించగానే ఇన్వర్టర్ దాన్ని కరెంటు కోత అనుకుని, తన బ్యాటరీ నుంచి లైట్లకు సరఫరా మొదలుపెడుతుంది. మెయిన్ ఆపినా షాక్ కొట్టిందని చెప్పేవాళ్ల ఇండ్లల్లో ముందు చూడాల్సింది దీన్నే.

ఆపే వరుస ఇది:

1. మార్చాల్సిన లైటు స్విచ్ ఆపండి.
2. మెయిన్ స్విచ్ లేదా ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే దానికదే పడిపోయే స్విచ్) దించండి.
3. ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్ కూడా ఆపండి.
4. ఇంట్లో వేరే గది లైటు, ఫ్యాను వేసి చూడండి. ఏదీ పనిచేయకూడదు.
5. బల్బు తీశాక హోల్డర్ లోపలి రెండు పిన్నుల దగ్గర విడివిడిగా టెస్టర్ పెట్టి చూడండి. ఒక్కదాంట్లోనూ వెలగకూడదు.

నాలుగో అంచెలో ఛార్జింగ్ బల్బును నమ్మకండి. కరెంటు ఉన్నా లేకున్నా అది వెలుగుతుంది, కాబట్టి అది మీకేమీ చెప్పదు. మామూలు బల్బుతోనో ఫ్యానుతోనో చూడండి.

స్విచ్ ఫేజ్ మీద ఉందా, న్యూట్రల్ మీద ఉందా అనేది ఒక్కసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుంటే ఇల్లంతటికీ తేలిపోతుంది. "అన్నా, లైటు స్విచ్‌లన్నీ ఆపేసి హోల్డర్లలో ఫేజ్ వస్తుందా చూడు" అని అడగండి. వస్తే ఆ పాయింట్ వైర్లు తారుమారు చేయించండి. పెద్ద ఖర్చు ఉండదు. నా మటుకు, కొత్త బల్బులు కొనే ముందు ఇంట్లో చేయించాల్సిన మొదటి పని ఇదే.

4. హోల్డర్ పరీక్ష

మన దగ్గర ఎక్కువ ఇండ్లల్లో ఉండేది పిన్ను హోల్డర్. బల్బును నొక్కి తిప్పితే గాడిలో పడుతుంది. లోపల స్ప్రింగ్ మీద కూర్చున్న రెండు ఇత్తడి పిన్నులు బల్బు అడుగున ఉన్న రెండు సీసపు బొట్లను తాకాలి. ఆ తాకడం సరిగా లేకపోతే సన్నని నిప్పురవ్వలు లేస్తాయి. చెవి దగ్గర పెడితే చిటచిట వినిపిస్తుంది, బల్బు మిణుకుమిణుకుమంటుంది.

పాత హోల్డర్లకు ఇంకో గతం ఉంటుంది. ఏళ్ల తరబడి 60, 100 వాట్ల వేడి బల్బులు వాటిలోనే వెలిగాయి. ఆ వేడికి హోల్డర్ చేసిన నల్లటి గట్టి ప్లాస్టిక్, అంటే బేకలైట్, పెళుసుబారి, పిన్నుల స్ప్రింగ్ బిగువు తగ్గి ఉంటుంది. దాంట్లోనే ఇప్పుడు కొత్త ఎల్‌ఈడీ పెట్టి, రెండు నెలల్లో పోతే కంపెనీని తిట్టుకుంటాం.

కరెంటు పూర్తిగా ఆపాక టార్చ్ వేసి వీటిని చూడండి:

- పిన్నుల కొనలు నల్లగా మాడి ఉన్నాయా?
- ఒక పిన్ను లోపలికి కూరుకుపోయి, ఇంకోటి పైకి ఉందా?
- బేకలైట్ మీద పగుళ్లు, గోధుమరంగు మరకలు ఉన్నాయా?
- బల్బు పెట్టాక వదులుగా ఊగుతోందా?
- హోల్డర్‌లోకి వచ్చే వైరు పైతోలు గట్టిపడి, వంచితే పొడిగా రాలుతోందా?
- లోపల బల్లి, చీమలు, ఉసిళ్ల రెక్కలు, సాలెగూడు ఉన్నాయా?

చివరిది తప్ప ఏ ఒక్కటి కనిపించినా హోల్డర్ మార్చేయాల్సిందే. మాడిన పిన్నును ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ వాడొద్దు. బిగువు పోయిన స్ప్రింగ్ రుద్దితే తిరిగి రాదు. పురుగులు, సాలెగూడు మాత్రమే ఉంటే కరెంటు ఆపి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

వైరుకు వేలాడే హోల్డర్ ఉంటే బరువంతా లోపలి స్క్రూల మీద పడకుండా చూడండి. మూత లోపల వైరుకు ముడి వేసి ఉండాలి. అది లేకపోతే బల్బు నొక్కి తిప్పిన ప్రతిసారీ స్క్రూ దగ్గర వైరు కొంచెం కొంచెం లాగబడుతుంది. చివరకు ఒక పోగు బయటికి వచ్చి పక్క వైరుకు తగులుతుంది.

ఇంకో అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. పెండ్లి పందిట్లోనో, కల్లం దగ్గరో, బోరు మోటారు కాడో ఒక లైటు కావాలంటే ప్లగ్గు లేకుండా వైరు కొసలు ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. పిల్లలు నడిచే చోట, తడి నేల మీద ఇది ప్రాణం తీసే పని. ప్లగ్గు ఖరీదు చాలా తక్కువ. ఇంట్లో ఒక మంచి ప్లగ్గు, రెండు పొరల తోలున్న వైరు, మూత ఉన్న హోల్డర్ బిగించి సిద్ధంగా పెట్టుకోండి. ఎక్కడ అవసరమైతే అక్కడికి అదే పట్టుకెళ్లొచ్చు.

5. బల్బు మార్చే వరుస

1. మూడో అంశంలో చెప్పినట్టు కరెంటు ఆపండి.
2. పాత బల్బు చల్లారనివ్వండి. ఎల్‌ఈడీ పైబుగ్గ చల్లగా ఉన్నా దాని మొదలు వేడిగా ఉంటుంది.
3. సీఎఫ్‌ఎల్ అయితే గాజు గొట్టాన్ని పట్టుకుని తిప్పొద్దు. కింది తెల్లటి ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకోండి. ఇండ్లల్లో సీఎఫ్‌ఎల్‌లు చేతిలోనే పగలడానికి కారణం గొట్టం పట్టి తిప్పడమే.
4. హోల్డర్ చూడండి, తుడవండి.
5. కొత్త బల్బును మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా నొక్కి, గాడి తగిలేదాకా తిప్పండి.
6. చెయ్యి వదిలాక బల్బు నిటారుగా, కదలకుండా ఉండాలి.
7. స్టూలు దిగి, పక్కకు జరిగాక మెయిన్, తర్వాత ఇన్వర్టర్, చివరగా స్విచ్ వేయండి.

బల్బు పగిలి దాని మొదలు మాత్రం హోల్డర్‌లో ఇరుక్కుపోతే కరెంటు ఆపినట్టు రెండుసార్లు నిర్ధారించుకుని కటింగ్ ప్లేయర్‌తో తీయండి. ఆలుగడ్డ ముక్క గుచ్చి తిప్పమని చెప్పే చిట్కా వద్దు. ఆలుగడ్డ తడి. ఆ తడి హోల్డర్‌లోనే ఉండిపోతుంది.

పాత ట్యూబ్‌లైటు పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబ్ పెట్టడం మీరు చేసుకునే పని కాదు. చాలా ఎల్‌ఈడీ ట్యూబులకు చోక్, స్టార్టర్ తీసేసి వైర్లు మార్చాలి. తప్పు జరిగితే ట్యూబ్ ఒక కొస హోల్డర్‌లో ఉండగానే రెండో కొస పిన్నుల్లో కరెంటు రావచ్చు. అంతకంటే పట్టీతో కలిపి వచ్చే ఎల్‌ఈడీ ట్యూబ్ కొని ఎలక్ట్రీషియన్‌తో బిగించుకోవడం తేలిక.

6. ఏ చోట ఎలా పెట్టాలి

రేకుల ఇండ్లు. ఎండాకాలం మన దగ్గర బయటే 44, 45 డిగ్రీలు దాటుతుంది. రేకు కింద పగటి వేడి ఇంకా ఎక్కువ. ఎల్‌ఈడీని చంపేది వేడే. దాని మొదలు లోపల ఉన్న చిన్న సర్క్యూట్‌లో కెపాసిటర్ (ఛార్జి నిలవ ఉంచే భాగం) ముందు పోతుంది. హోల్డర్‌ను రేకుకు ఆనించి బిగించకుండా గోడకు, లేదా రేకు నుంచి అడుగు కిందికి వచ్చేలా పెట్టించండి. రేకు అంచు మీదుగా వైరు పోతుంటే అక్కడ ప్లాస్టిక్ పైపు తొడిగించండి. గాలికి రేకు కదిలినప్పుడల్లా ఆ అంచు వైరు తోలును కోస్తుంది.

మట్టి మిద్దెలు. వానాకాలం పైకప్పు ఊటకు హోల్డర్‌లోకి నీళ్లు దిగుతాయి. కప్పుకు ఉన్న హోల్డర్‌ను తీసి పొడి గోడకు మార్చించండి. తడిసిన హోల్డర్ ఎండిందో లేదో చూడటానికి కూడా స్విచ్ వేయొద్దు. మెయిన్ ఆపి, పూర్తిగా ఆరాక హోల్డర్ మార్చాలి.

బాత్రూం, కొట్టం, వాకిలి. పెట్టె మీద ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉన్న లైట్లు, లేదా గాజు మూత ఉన్న ఫిట్టింగులు వాడండి. ఇంట్లో వాడే మామూలు ఎల్‌ఈడీని వాకిట్లో పెట్టి పైన పాలిథిన్ కవర్ చుట్టడం చాలామంది చేస్తారు. నీళ్లు ఆగవు, వేడి మాత్రం ఆగుతుంది. కొట్టంలో బర్రె తల ఎత్తినా, కొమ్ము విసిరినా అందనంత ఎత్తులో ఉండాలి. పశువు కట్టిన ఇనుప గుంజకు వైరు చుట్టొద్దు.

మగ్గం ఉన్న ఇండ్లు. పోచంపల్లి, పుట్టపాక వైపు, గద్వాల, నారాయణపేటల్లో నేసేవాళ్లు పోగు కనబడటానికి లైటును బాగా కిందికి దించుకుంటారు. అవసరమే. కాకపోతే నూలు, పట్టు నుంచి లేచే సన్నని నూగు హోల్డర్ మీద పేరుకుంటుంది, వదులు పిన్ను దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు అది అంటుకోవడానికి. వారానికోసారి కరెంటు ఆపి పొడి గుడ్డతో తుడవండి. వైరును మగ్గం కట్టెకు చుట్టొద్దు. నేసేటప్పుడు కదిలే కట్టె వైరును అరగదీస్తుంది. తలకు పైన అడ్డంగా ఎల్‌ఈడీ ట్యూబ్ పట్టీ బిగిస్తే నీడ కూడా తక్కువ పడుతుంది, వేలాడే వైరూ ఉండదు.

చదువుకునే బల్ల. సీఎఫ్‌ఎల్ నుంచి కొద్దిగా అతినీలలోహిత కిరణాలు వస్తాయి. గంటల తరబడి మొహానికి, చేతులకు దగ్గరగా పెట్టుకోకూడదు, కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. టేబుల్ ల్యాంపులో ఎల్‌ఈడీ పెట్టేస్తే ఈ టెన్షన్ ఉండదు.

మూసి ఉండే గాజు గోళాలు. అన్నివైపులా మూసిన ఫిట్టింగులో వేడి బయటికి పోదు. తక్కువ వాట్ల బల్బు పెట్టండి.

7. సీఎఫ్‌ఎల్ లేదా ట్యూబ్‌లైటు పగిలితే

భయపడి అరిచి పిల్లల్ని కంగారు పెట్టాల్సినంత విషయం కాదు. ఒక సీఎఫ్‌ఎల్‌లో ఉండే పాదరసం సాధారణంగా 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ. పాత గాజు జ్వరమాపకంలో దాదాపు 500 మిల్లీగ్రాములు ఉండేది. అయినా ఆ కొద్దిపాటిది ఆవిరిగా గాలిలో కలుస్తుంది, గది ఎంత వేడిగా ఉంటే అంత త్వరగా. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ గాలి పీల్చకుండా చూసుకోవాలి. తెల్లటి పొడి ఇల్లంతా పరుచుకోకుండా చూసుకోవాలి. చేయాల్సింది ఈ రెండే.

మొదటి పది నిమిషాలు:

1. పిల్లల్ని, గర్భిణుల్ని, కుక్కను, పిల్లిని గదిలోంచి పంపించేయండి. గాజు తొక్కకుండా వెళ్లాలి.
2. ఫ్యాను, కూలర్, ఏసీ ఆపండి. ఉక్కగా ఉన్నా సరే ఆపండి, అవి పొడిని గదంతా చల్లుతాయి.
3. బయటి వైపు కిటికీలు, తలుపు తెరవండి. లోపలి గదుల వైపు తలుపు మూసేయండి.
4. మీరూ బయటికి వచ్చి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి.

ఆగిన ఆ సమయంలో ఇవి సిద్ధం చేసుకోండి: రెండు గట్టి అట్టముక్కలు (పాత పెండ్లి పత్రికలు బాగా పనికొస్తాయి), వెడల్పాటి ప్లాస్టర్ టేపు, తడి కాగితాలు లేదా పారేసే పాత గుడ్డ ముక్కలు, చేతులకు తొడగడానికి ప్లాస్టిక్ కవర్లు, మూత గట్టిగా పడే గాజు సీసా. ఊరగాయ సీసా చాలు. సీసా లేకపోతే మందపాటి కవర్లు రెండు, ఒకదాంట్లో ఒకటి.

ఎత్తే వరుస:

1. చెప్పులు వేసుకుని, చేతులకు కవర్లు తొడుక్కుని లోపలికి వెళ్లండి. హోల్డర్‌లో ముక్క మిగిలి ఉంటే ముందు కరెంటు ఆపండి.
2. పెద్ద ముక్కలను, పొడిని రెండు అట్టముక్కల మధ్య ఎత్తి సీసాలో వేయండి.
3. మిగిలిన రవ్వలను, పొడిని టేపు జిగురు వైపు నేలకు అద్ది తీయండి. గచ్చు సందుల్లో ఎక్కువసార్లు అద్దాల్సి వస్తుంది.
4. తడి కాగితంతో ఆ చోటంతా తుడవండి.
5. అట్టలు, టేపు, కాగితాలు, చేతి కవర్లు అన్నీ అదే సీసాలో వేసి మూత పెట్టండి.
6. సీసాను ఇంట్లో పెట్టుకోకుండా పిల్లలకు అందని చోట బయట పెట్టండి.
7. చేతులు సబ్బుతో కడుక్కోండి. చెప్పుల అడుగులు తడి కాగితంతో తుడవండి.
8. కిటికీలు కొన్ని గంటలు తెరిచే ఉంచండి. అప్పటిదాకా ఫ్యాను, కూలర్ వేయొద్దు.

చీపురు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. గాజు పగలగానే చెయ్యి దానికదే చీపురు వైపు పోతుంది. కొండ చీపురు పుల్లల మధ్య ఆ పొడి చిక్కుకుంటుంది. రేపు అదే చీపురుతో వంటింట్లో, పడక గదిలో ఊడుస్తాం. చాట కూడా అంతే, దాంట్లో రేపు బియ్యం చెరుగుతాం. వ్యాక్యూమ్ క్లీనర్ ఉన్నవాళ్లు దాన్ని కూడా వాడొద్దు, అది పొడిని వెనక నుంచి గాలిలోకి ఊదుతుంది.

మట్టి నేల, అలుకు నేల అయితే టేపు అంటదు. పొడి పడిన చోట పైపొరను పలుచగా గీకి ఎత్తి సీసాలో వేయండి, తర్వాత కొత్తగా అలుక్కోవచ్చు.

చాప, జంబుఖానా మీద పడితే గదిలో దులపొద్దు. టేపుతో అద్ది తీసి, మెల్లగా మడిచి బయటికి తీసుకెళ్లి ఎండలో పరచండి. దుప్పటి మీద, కట్టుకున్న బట్టల మీద నేరుగా గాజు, పొడి పడితే అవి పారేయాలి. వాషింగ్ మెషిన్‌లో వేస్తే పొడి మెషిన్‌లో చేరుతుంది. పొడి పడకుండా ఆ గదిలో ఉన్నంత మాత్రాన బట్టలు పారేయక్కర్లేదు, ఉతుక్కుంటే చాలు.

మూత లేని అన్నం, కూర, తాగే నీళ్లు దగ్గర్లో ఉంటే పారబోయండి. వండిన అన్నం పారబోయడానికి ఆ పూట మనసు ఒప్పదు కానీ, గాజు రవ్వ కంటికి కనబడదు. పిల్లలు గాజు ముక్క నోట్లో పెట్టుకున్నారనే అనుమానం ఉంటే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎల్‌ఈడీ పగిలితే ఇదంతా అవసరం లేదు. కరెంటు ఆపి, ముక్కలు ఎత్తేస్తే సరిపోతుంది.

8. ఛార్జింగ్ బల్బులు

పిల్లలు వీటి అడుగును వేలితో తాకి వెలిగించి ఆడుకుంటారు. ఆ అలవాటు మాన్పించాలి. ఒక రోజు అదే వేలు హోల్డర్ లోపలికి పోతుంది.

వేడి బ్యాటరీకి పడదు. రేకుకు ఆనించి, పొయ్యి పైన, మూసిన గాజు గోళంలో పెట్టొద్దు. బల్బు మొదలు ఉబ్బినా, వింత వాసన వచ్చినా, ఆపాక కూడా వేడిగా ఉన్నా తీసేసి ఇంటి బయట, మండే వస్తువులు లేని చోట పెట్టండి. విప్పొద్దు, గుచ్చొద్దు, పొయ్యిలో వేయొద్దు.

9. ఈ లక్షణాలు కనిపిస్తే

స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతోంది. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే, దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ మినుకుమంటుంది. అది ప్రమాదం కాదు, ఇండికేటర్ లేని స్విచ్ పెట్టించుకుంటే పోతుంది. ఇండికేటర్ లేకుండానే వెలుగుతుంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉందేమో, వైరు చెమ్మగిల్లి లీకేజీ ఉందేమో చూపించండి.

కొట్టుకుంటోంది, గుయ్‌మంటోంది. హోల్డర్ వదులుగా ఉందేమో చూడండి. వెలుగు తగ్గించే డిమ్మర్‌కు మామూలు ఎల్‌ఈడీ, సీఎఫ్‌ఎల్ పెట్టినా ఇదే జరుగుతుంది. డిమ్మర్‌కు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉంటేనే పెట్టాలి.

సీఎఫ్‌ఎల్ మొదలు దగ్గర నల్లబడింది, ప్లాస్టిక్ కాలిన వాసన. దాని ఆయుష్షు అయిపోయింది. ఇంకా వెలుగుతోంది కదా అని ఉంచకండి. స్విచ్ ఆపి, చల్లారాక తీసేయండి.

కొన్ని లైట్లు మిరుమిట్లుగా, కొన్ని డిమ్ముగా. అన్నింటికంటే తొందరపడాల్సింది దీనికే. మూడు ఫేజుల సరఫరా ఉన్న ఇంట్లో, లేదా వీధి లైనులో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 300 వోల్టులకు పైగా కూడా రావచ్చు. బల్బులు పేలతాయి, టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. వెంటనే మెయిన్ దించండి, పక్కింటివాళ్లకు చెప్పండి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. స్తంభం దగ్గరికి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మీరు పోవద్దు, లైన్‌మన్ రావాలి.

ఎవరికైనా షాక్ కొట్టి అంటుకుపోతే. మనిషిని ముట్టుకోకండి. మెయిన్, ఇన్వర్టర్ ఆపండి. అందనంత దూరంలో ఉంటే పొడి కట్టెతో వైరును పక్కకు నెట్టండి. 108కి ఫోన్ చేయండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే లీకేజీని గుర్తించి అదే క్షణాల్లో కరెంటు తెంపేస్తుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు దీన్ని వదులుకోవద్దు. దాని మీది టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి పడిపోతుందో లేదో చూస్తుండాలి.

10. మాడిన ఎల్‌ఈడీని విప్పొద్దు

లోపలి చిన్న చిప్పుల్లో ఒకటి నల్లబడితే దాన్ని టంకం వేసి కలిపేస్తే మళ్లీ వెలుగుతుందని చూపించే వీడియోలు బోలెడు. వెలుగుతుంది, నిజమే. కాకపోతే ఆ పోయిన చిప్పు భారం మిగతావాటి మీద పడి, అవి ఇంకా వేడెక్కి వరసగా పోతాయి. పైగా చౌక బల్బుల్లో లోపలి ప్లేటుకు, ఇంటి కరెంటుకు మధ్య అడ్డేమీ ఉండదు. పైబుగ్గ తీసి వెలిగిస్తే ఆ ప్లేటు ముట్టుకున్నా షాకే. ఆపాక కూడా కెపాసిటర్‌లో కాసేపు ఛార్జి మిగిలి ఉంటుంది.

ఇలా రిపేరు చేసిన బల్బులనే జాతరల్లో, సంతల్లో బండ్ల మీద కొత్తవిగా అమ్మే వీలుంది. కొనేటప్పుడు చూడాల్సినవి:

- పేరు, వాట్లు, వోల్టులు చెరగకుండా ముద్రించి ఉన్నాయా?
- బీఐఎస్ (సరుకుల నాణ్యత ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, ఎల్‌ఈడీ బల్బుల ప్రమాణం నంబరు ఐఎస్ 16102 ఉన్నాయా? ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూడొచ్చు.
- కరెంటు ఎంత ఆదా చేస్తుందో చుక్కల్లో చూపే బీఈఈ స్టార్ లేబుల్ ఉందా?
- ఊపితే లోపల గలగలమంటోందా?
- బిల్లు, వారంటీ ఇస్తున్నారా?

11. పారేయడం

ఘన వ్యర్థాల నియమాల ప్రకారం సీఎఫ్‌ఎల్‌లు, ట్యూబ్‌లైట్లు ప్రత్యేక జాగ్రత్తతో ఇవ్వాల్సిన చెత్త కిందికి వస్తాయి. తడి చెత్త, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. మాడినవాటిని కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి దాచండి. ట్యూబ్‌లైట్లను పాత చీరలోనో గోనెసంచిలోనో చుట్టి, నిలబెట్టకుండా పడుకోబెట్టి పెట్టండి.

పట్టణాల్లో మున్సిపాలిటీ చెత్త బండి వాళ్లకు "ఇందులో సీఎఫ్‌ఎల్ ఉంది, పగలగొట్టకుండా పెట్టన్నా" అని చెప్పి చేతికివ్వండి. వాళ్లు చేతులతో చెత్త వేరు చేస్తారు, చెప్పకపోతే గాజు దిగేది వాళ్ల చేతుల్లోనే. ఊళ్లలో పంచాయతీ ట్రాక్టర్‌కు కూడా ఇలాగే విడిగా ఇవ్వండి. అక్కడ తీసుకోకపోతే ఐదారు ఇండ్లవి ఒక పెట్టెలో చేర్చి, పట్నం పోయినప్పుడు అనుమతి ఉన్న ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రిక్, ఎలక్ట్రానిక్ సామాన్ల చెత్త) సేకరణ కేంద్రానికి ఇవ్వొచ్చు. ఛార్జింగ్ బల్బుల్ని కూడా ఈ-వేస్ట్‌లోనే ఇవ్వాలి, విడి సంచిలో.

పాత సామాన్ల బండికి సీఎఫ్‌ఎల్ వేయొద్దు. వాళ్లు బల్బు మొదలుకు ఉన్న లోహం కోసం గాజును అక్కడికక్కడే పగలగొడతారు. పెంటకుప్పలో, బావిలో, చెరువు కట్ట పక్కన వేయడం, చెత్తతో కలిపి కాల్చడం అసలు చేయకూడదు. కాల్చితే పాదరసం అంతా ఒక్కసారే గాలిలోకి లేస్తుంది.

ఏడో అంశంలో పగిలిన ముక్కలు వేసిన సీసాను కూడా మూత తీయకుండా అలాగే ఇవ్వండి. మూత మీద టేపు చుట్టి, "పగిలిన సీఎఫ్‌ఎల్" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.